ఒక పిన్ను కోసం నాలుగు గంటలు

చిత్తూరుకు ఎన్నోసార్లు వెళ్లాను గానీ ఇంత కోపంతో తిరిగి రావడం ఇదే మొదలు. తప్పు చిత్తూరుది కాదు, మాది. అంటే లైసెన్సు తీసుకుని సరదా కోసం వైర్‌లెస్ సెట్లు నడిపే హామ్ రేడియో వాళ్లది.

మూడు రోజుల వానకు చిత్తూరు అవతల ఒక ఏరు పొంగింది. అవతలి గట్టున ఉన్న ఊరికి దారి తెగింది, రెండు గట్ల మీదా సెల్ టవరు పనిచేయడం లేదు. ఇవతలి గట్టున ఉండే మా మునిరత్నం, నీళ్లు పెరుగుతున్నప్పుడే తన సెట్టును అవతలి బడికి పంపించాడు. బడిలో తలదాచుకున్నవాళ్ల పేర్లు పదకొండుకు ఒకసారి, మూడుకు ఒకసారి చదవాలని ముందే అనుకున్నారు. బ్యాటరీ అయిపోతుందని ఐదు నిమిషాల్లో కట్టేస్తారు. కానీ వినడానికి ఇవతల సెట్టు లేదు. మునిరత్నం చిత్తూరు దాకా వచ్చి నాకు ఫోన్ చేశాడు. "సెట్టొకటి ఎత్తుకోని రాప్పా, బ్యాటరీ ఈడుండాది" అన్నాడు.

పొద్దున ఆరుంబావుకు తిరుపతిలో బస్సెక్కాను. చంద్రగిరి దాటాక పక్క సీటులోని మామిడికాయల వ్యాపారి నా ఒళ్లోని సంచి చూసి "ఏంది సామీ అది?" అన్నాడు. చెప్పాను. మా వాళ్లలో ఒక్కొక్కరి సెట్టుకు ఒక్కో రకం కరెంటు పిన్ను ఉంటుందని కూడా చెప్పాను.

"మా ఇంట్లో నాలుగు సెల్లులుండాయి, అన్నిటికీ ఒకటే పిన్ను. సదువుకున్నోళ్లు, మీకేం రోగం?" అన్నాడాయన.

ఎనిమిదింబావుకు చిత్తూరు. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను, చట్నీ బాగుంది. మునిరత్నం ఊరి బస్సు నడవడం లేదు. వానల్లో వెళ్లేవాళ్లు బస్సును నమ్ముకోవద్దు, షేర్ ఆటో చూసుకోండి. నాకు అది దొరికేసరికి తొమ్మిదిన్నర దాటింది, చేరేసరికి పదకొండుకు పది నిమిషాలే ఉంది.

పంచాయతీ ఆఫీసు వరండాలో మునిరత్నంతో పాటు చెంగమ్మ అనే ఆవిడ కూర్చుని ఉంది. ఆమె భర్త దొరస్వామి మొన్న మేకలు తోలుకుని ఏరు దాటాడు, మళ్లీ కబురు లేదు. బడిలో చదివే పేర్లలో ఆ ఒక్క పేరు కోసం ఆమె కాచుకుని ఉంది.

సెట్టు తీశాను. నా తీగ చివర ఎరుపు, నలుపు జంట పిన్ను. మునిరత్నం బ్యాటరీ పెట్టెకేమో కార్లలో సిగరెట్టు ముట్టించుకునే సాకెట్టు. రెండేళ్ల కిందట మా సంఘమంతా కూర్చుని, అందరం ఎరుపు నలుపు జంటే పెట్టుకుందామని తీర్మానం చేసింది. టీలు తాగాం, ఫొటో దిగాం. ఇంటికి పోయి నేను తప్ప ఒక్కరూ పాతది కోయలేదు. ఒకదాని నుంచి ఇంకోదానికి కలిపే మారుడు తీగ మాత్రం తలా ఒకటి చేసుకున్నాం.

"నీ మారుడు తీగ యాడ?" అన్నాడు మునిరత్నం.

"ఇంట్లో, బీరువా మీద. మరి నీది?"

"సెట్టుతో పాటే అవతలికి పోయినాదప్పా."

ఇక మిగిలిన దారి నా పిన్ను కోసి, తీగలు నేరుగా బ్యాటరీకి చుట్టడమే. నేను కత్తి పట్టుకుని ఆలోచిస్తున్నాను. పిన్ను కొత్తది, ఎంతో ఓపికగా టంకం పెట్టుకున్నది.

"దాన్ని కోస్తే పలకతాదా సామీ?" అని అడిగింది చెంగమ్మ.

"పలుకుతుంది."

"మరి కొయ్యరేం?"

సిగ్గేసి కోశాను. తీరా చూస్తే బ్యాటరీ పెట్టె మూతకు నాలుగు మరలు. స్క్రూడ్రైవరు కోసం మునిరత్నం వానలో మెకానిక్ షాపుకు పరిగెత్తాడు. సెట్టు వెలిగేసరికి పదకొండూ ఇరవై. అవతలివాళ్లు చదివేసి, కట్టేసి వెళ్లిపోయారు. ఎంత పిలిచినా బుస తప్ప ఏమీ లేదు.

మునిరత్నం భార్య అన్నం, చారు తెచ్చింది. మేం తిన్నాం. చెంగమ్మ పళ్లెం ముట్టలేదు. గోడకానుకుని ఏటివైపే చూస్తూ ఉండిపోయింది.

మూడుకు గొంతు వినిపించింది. మొదటి పేరే దొరస్వామి, మేకలు కూడా బడి ఆవరణలోనే ఉన్నాయట. పదకొండుకు కూడా ఆ పేరే ముందు చదివామని చెప్పారు. చెంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని పళ్లెం దగ్గరికి లాక్కుంది. "అప్పుడే తెలిసుంటే అన్నం ఏడేడిగా తినుంటా గదప్పా" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే నేను తలెత్తలేకపోయాను.

నాలుగున్నరకు, సెట్టు అక్కడే వదిలి ఆటో ఎక్కాను. మునిరత్నం ఆటో దాకా వచ్చి "బాధపడొద్దప్పా. ఇంకో మారుడు తీగ చేసి ఈడే తగిలిస్తాలే" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఆ సాకెట్టే పీకి పారెయ్యమని అరిచాను. "మంచిదప్పా అది" అన్నాడు అమాయకంగా.

ఆరుంబావుకు చిత్తూరులో బస్సెక్కి, జరిగిందంతా సంఘంలో అందరికీ మెసేజీ పెట్టాను. చెంగమ్మ సంగతి, ఆమె భర్త సంగతి కూడా రాశాను, చివరికి ఏమైందో మాత్రం కావాలనే రాయలేదు. తిరుపతిలో దిగేలోపు తొమ్మిది జవాబులొచ్చాయి. ఒకరు సిగరెట్టు సాకెట్టే గట్టిదన్నారు. ఒకరు మళ్లీ మీటింగు పెడదామన్నారు. ఇద్దరు మారుడు తీగ ఎంత పొడవుండాలని అడిగారు. ఆ మనిషి దొరికాడా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.