లేని పనస దగ్గర ఎడమకు

బండి హ్యాండిల్‌కి బిగించుకున్న జీపీఎస్ పెట్టెను మార్చాలా వద్దా అని మూడు నెలలు నాన్చాను. పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత ఆలోచించలేదని మా ఆవిడ ఎత్తిపొడిచింది. నిజమే, అప్పుడు నాకు ఆలోచించుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

నేను పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుని. ఊళ్లవాళ్లకు మాత్రం డాక్టరు బాబునే. కాపురం పలాసలో, తిరుగుడంతా ఉద్దానంలో. పూండి దాటితే సముద్రం దాకా జీడితోటలు, కొబ్బరితోటలు, వాటి మధ్య ఇసుక దారులు. ఏ దారి చివరో ఒక ఇల్లు, ఇంటి వెనక ఒక ఆవు. "ఫోన్లో మ్యాపు ఉంది కదా" అని టెక్కలి ఆఫీసులో కూర్చున్నవాళ్లు సలహా ఇస్తారు. తోటలోకి దిగేసరికి సిగ్నల్ ఉండదు. ఉన్నంతసేపూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు.

పాత పెట్టెను పెద్ద తుపానుకు రెండేళ్ల ముందు కొన్నాను. అందులో ఊళ్ల పేర్లు తక్కువ, నేను పెట్టుకున్న గుర్తులు ఎక్కువ. మా వైపు దారి చెప్పడమంటే చెట్లు చెప్పడమే. "పనస కాడ ఎడంసేతికి తిరుగు, జంట తాటిసెట్లు దాటు, వంగిన మావిడి కాడ లోపలికి దిగిపో" అంటారు. ఎవరింటికి మొదటిసారి వెళ్లినా చెట్టు చెట్టుకూ ఆగి, మీట నొక్కి, దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాణ్ణి. అలా రెండు వందల పైచిలుకు చెట్లు నా పెట్టెలోకి ఎక్కాయి.

తుపాను వచ్చి వెళ్లాక చూస్తే తోటల్లో ఎప్పుడూ కనిపించనంత ఆకాశం కనిపించింది. నరికి, మోసి, దారులు చేసుకోవడానికే జనానికి నెలలు పట్టింది. చెట్లు పోయాయిగానీ దారి చెప్పే మాట మాత్రం మారలేదు. అదే పనస, అదే వంగిన మావిడి. పార్సిళ్లు తెచ్చేవాళ్లు ఆ చెట్లు వెతికి వెతికి తిట్టుకుంటూ వెనక్కి పోయేవారు. నాకూ ఒళ్లు మండి ఒకాయన్ని అడిగాను, లేని చెట్టు దగ్గర ఎలా తిరగమంటావయ్యా అని.

"సెట్టు నేకపోతే ఏటి బాబూ, సోటు ఉంది కదా!" అన్నాడాయన, నాకే ఏదో లోపం ఉన్నట్టు చూస్తూ.

నా పెట్టె దగ్గర ఆ చోట్లు ఉన్నాయి కాబట్టి నాకు ఏళ్లపాటు ఇబ్బంది లేకపోయింది. పోయిన వానాకాలం దాని అద్దం పగిలి లోపలికి నీళ్లు దిగాయి. ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోందని ఫోన్ వస్తే, తెర నల్లబడిపోయి తోటల్లో గంటకు పైగా తిరిగాను. నేను వెళ్లేసరికి ఆవు పోయింది. ఆ ఇంటాయనే నాకు చెంబుతో మంచినీళ్లిచ్చాడు. ఆ నీళ్లు నాకు ఇప్పటికీ గొంతు దిగలేదు.

పెట్టె ఆరాక మళ్లీ వెలిగిందిగానీ, ఇక దాన్ని నమ్మలేక కాశీబుగ్గలో ఒక షాపుకు వెళ్లాను. కొత్త పెట్టె భలే ఉంది. పెద్ద తెర, వాన పడినా చెక్కుచెదరదట, పైగా తెలుగులో మాట్లాడుతుంది.

"పాత గుర్తులు దీనిలోకి ఎక్కుతాయా?"

"ఎక్కవు సార్. పాతది బాగా పాత మోడల్ కదా. అయినా ఆ సెట్ల గోల మీకేటి? దీంట్లో ఊళ్లన్నీ ఉన్నాయి. రెండ్రోజులు వాడి సూడండి" అన్నాడు షాపతను.

పాతదాన్ని ఊడదీసి సంచిలో వేసుకుని, కొత్తది బిగించుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఫోన్ మోగింది. ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుని ఒక ముసలామె మాట్లాడుతోంది.

"బాబూ, మా ఆవు పొద్దుట్నుంచి ఈననేకపోతంది. ఉన్నది అదొక్కటే. బేగి రా బాబూ. పనస కాడ నిలబడతాను."

ఊరు అడిగితే, తుపానుకు ముందు నేను తిరిగిన ఇల్లే. ఆ ఊరి పేరు కొత్త పెట్టెకు చెప్పాను. అది ముద్దుగా, పొందిగ్గా దారి చెబుతూ తీసుకెళ్లి ఒక సరుగుడు తోట కంచె ముందు నిలబెట్టింది. "మీరు గమ్యానికి చేరుకున్నారు" అంది. చుట్టూ నరమానవుడు లేడు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే. సంచిలోంచి పాతది తీసి బండి బ్యాటరీకి తగిలించాను. అది తీరిగ్గా కళ్లు తెరిచేదాకా నేను పడ్డ వేదన పగవాడికి వద్దు. చివరికి పగిలిన అద్దం కింద పనస అన్న అక్షరాలు కనబడ్డాయి. దాన్ని దాటి మైలు దూరం వచ్చేశాను.

వెనక్కి వెళ్తే ఇసుకలో రెండు దారులు చీలే ఖాళీ చోటు, పక్కన కాస్త ముళ్లకంప. చెట్టు లేదు, నీడ లేదు. ఎండలో ఆమె ఒక్కతే నిలబడి ఉంది. ఆమె కళ్లకు పొరలు కమ్మి, చూపు ఆనదు. బండి చప్పుడు విని చెయ్యెత్తింది.

"వచ్చినావా బాబూ! ఎక్కుతాను, పోనీ."

వెనక ఎక్కి కూర్చుంది. ఎడమకు తిప్పానో లేదో, ఆమె తల వంగి నా వీపుకు తగిలింది. ఎందుకా అని ఒక క్షణం తెలియలేదు. తర్వాత చూసుకుంటే నా తల కూడా హ్యాండిల్ మీదకి వంగి ఉంది. అక్కడ పనసకొమ్మ ఒకటి దారికి అడ్డంగా, తలకు తగిలేంత కిందకు ఉండేది. చెట్టు కూలి ఇన్నేళ్లయినా దాని కింద ఇద్దరం వంగి వెళ్లాం.

"జంట తాటిసెట్లు... ఇప్పుడు దాటినాం. మావిడి కాడికి వచ్చేసినాం, లోపలికి దించు" అని ఆమె వెనక నుంచి చెబుతూనే ఉంది. ఆమెకు దారి కనబడదు. చెప్పే చెట్లలో ఒక్కటీ లేదు. ఆమె నోట మాట వచ్చిన ప్రతిసారీ పెట్టెలో అదే పేరు వెలిగింది, నాలుగడుగులు అటూ ఇటూగా. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు ఒకవైపు, పొరలు కమ్మిన ఆ కళ్లు ఒకవైపు, రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. జీవితంలో నేను అంతగా ఆశ్చర్యపోయిన సందర్భం మరొకటి లేదు.

దూడ ముందుకాలు లోపల మడతపడింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి, కాలు సరిచేసి లాగేసరికి నా చొక్కా పిండితే నీళ్లొచ్చేలా ఉంది. దూడ కదల్లేదు. ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పాను. తుమ్మింది. పెయ్యదూడ. ఆమె దాన్ని తలనుంచి తోక దాకా తడిమి, ఆవు నుదుటి మీద తన నుదురు ఆనించి ఏడ్చింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను, చెమట అని చెప్పను.

చేతులు కడుక్కుంటూ అడిగాను. "పనస పోయి ఇన్నేళ్లయింది కదా మామ్మా, ఇంకా పనస కాడ అంటావేం?"

"సూడనేదేటి? మొక్క యేసినాను కదా ఆ సోటునే. మేకలు రెండుసార్లు తినేసినాయి. ఇది మూడోది."

"కాయల కోసమా?"

"నానెక్కడ తింతాను బాబూ కాయలు! దారి సెప్పినోల్ల మాట అబద్దం అవకూడదు కదా, అందుకు."

కొత్త పెట్టె కొన్నాను. వానకు తడిసే పెట్టెను నమ్ముకుని ఇంకో ఆవును పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు. రెండు పెట్టెలూ పక్కపక్కన బిగించుకుని, సెలవు దొరికిన ప్రతి రోజూ పాతది చూపించిన చోటుకల్లా వెళ్లి కొత్తదానికి చెట్ల పేర్లు నేర్పిస్తున్నాను. పిచ్చి ముదిరిందని మా ఆవిడ అంటోంది. మొట్టమొదట వెళ్లింది ఆ చీలిక దగ్గరికే. ముళ్లకంప లోపల మొక్క ఉంది, నా మోకాలెత్తు. ఆరు ఆకులు లెక్కపెట్టాను. దిగి, మీట నొక్కి, పనస అని కొట్టాను.

బండెక్కి ఎడమకు తిప్పి, తల వంచి వెళ్లాను.