అప్పన్న మావ కత్తికి కొత్త పిడి

మా ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో గెడ్డాలు గీసే అప్పన్న మావ చాన్నాళ్ళుగా షాపు తెరవడం లేదు. ఎందుకని అడిగితే, "నా సెయ్యి బాగానే ఉన్నాది. పిడి సెడిపోనాది, కత్తి ఊగిపోతన్నాది" అనేవాడు. వాళ్ళ తాతనాటి మడతకత్తి అది. పిడి నిజంగానే పగిలిపోయింది.

నాకు పనీపాటా లేదని మా ఆవిడ రోజూ చెప్తూనే ఉంటుంది కదా అని, ఆ కత్తి ఇంటికి పట్టుకొచ్చి తుప్పు వదలగొట్టాను. పాత పనస తలుపు చెక్క కోసి, గాజుపెంకుతో గీకి, నున్నటి పిడి చేసి ఇత్తడి మేకులు కొట్టాను. సాన పట్టాక వెంట్రుక పెడితే తెగింది.

ఈ రోజు పొద్దున్న గెడ్డానికి సబ్బు రాసుకుని మరీ వెళ్ళి మావ ముందు కూర్చున్నాను. "గియ్యి మావా. ఇప్పుడేటి వంక ఎడతావో సూస్తాను" అన్నాను.

మావ కత్తి తిప్పి తిప్పి చూసి మురిసిపోయాడు. నా కుడి చెంపమీద ఒక్క గీత గీశాడు. రెండోదానికి చెయ్యెత్తితే కత్తి ఊగింది. పిడి మాత్రం గట్టిగానే ఉంది.

కత్తి మడిచి నా ఒళ్ళో పెట్టేశాడు. "ఇన్నాళ్ళూ నేరం పిడి మీదకి తోసీసి బతికీసినాను. ఆ పిడి కూడా బాగుసేసీసినావు కదరా" అన్నాడు.

కత్తి జేబులో వేసుకుని రోడ్డుమీదకి వచ్చేశాను. చెంపమీద గీసిన చార ఒక్కటి, మిగతా అంతా ఎండిన సబ్బు. ఇదేదో నా కొత్త వేషమనుకుని రోడ్డంతా నవ్వింది. నవ్వనిచ్చాను.

మిగతా గెడ్డం ఎవరిచేత గీయించుకోమంటారు, మీరే చెప్పండి.