చెల్లెలి దండచేతి మీద పేరు

మా ఊళ్ళో పచ్చబొట్లకి ఒక కాలం ఉండాది, మీకు తెలుసా? ఎండాకాలంలో రెండు నెలలు సముద్రం మీద వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. పడవలన్నీ ఒడ్డెక్కి కూర్చుంటాయి. చేపలమ్మే ఆడోళ్ళకి ఆ రెండు నెలలే చేతులు ఆరేది. మిగతా పది నెలలూ ఉప్పునీళ్ళు, ఐసు, పొలుసు. పచ్చి పచ్చబొట్టు మీద ఉప్పునీళ్ళు పడితే ఆ మంట పగోళ్ళకి కూడా వద్దు. అందుకని మా వాళ్ళు ఏడాదంతా అనుకుంటా ఉంటారు, ఏ బొమ్మ, యాడ, ఎంత అని. వేట ఆగినాక పోయి వేయించుకుంటారు.

ఆ అనుకోవడమంతా మన వసారాలో, నా కుట్టు మిషను కాడే. పూనా నుంచి వీడియోలో చూసినప్పుడల్లా "అవ్వా, మీ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారే" అంటారు గదా, వాళ్ళు వీళ్ళే. జాకెట్టు కుట్టించుకోను వస్తారు. కొలతకని చెయ్యి చాపుతారు, చాపిన చెయ్యి వెనక్కి తీసుకోరు. "అక్కా, ఈడ ఒక తామరపువ్వు వేస్తే ఎట్టుంటాది?" బట్ట మీద గీసే సుద్దతో ఆ చేతి మీదనే గీసి చూపిస్తా. నచ్చకపోతే తుడిచేసి ఇంకోటి.

జాకెట్టు చేతుల పొడవు కూడా పచ్చబొట్టుని బట్టే చెప్తారు. "పొట్టిగా పెట్టక్కా, నెమలి కనపడాల" అంటాది ఒకామె. "రవంత కిందికి దించు, మా అత్త పొడిపించిన ఈ తేలంటే నాకు గిట్టదు" అంటాది ఇంకొకామె. నాకు ముందు నుంచి మూడు ఉండాయి. రెండు బిట్రగుంట రైలు క్వార్టర్సులో ఉన్నప్పుడు గంపెత్తుకోని వచ్చే ముసలామె పొడిచినవి, దీపం మసి, ఏదో ఆకు పసరు కలిపి. సూదులు గుచ్చతా పాట పాడేది, ఏడుపు రాకుండా. మూడోది మీ తాత పోయినాక నేనే పోయి వేయించుకున్నా. నాలుగోది ఈ ఏడు. దాని గురించి చెప్పమని అడిగినారు, చెప్తా. కానీ అది చెప్పాలంటే చెల్లెలి సంగతి చెప్పాల.

చెల్లెలంటే నా తోడబుట్టినది కాదు. వీధి చివర ఇంట్లో ఉండే చేపలమ్మే ఆమె. నాకంటే ఆరేళ్ళు చిన్న. నన్ను అక్కా అంటాది, నేను చెల్లా అంటా. ముప్పై ఏళ్ళుగా నా దగ్గరే కుట్టించుకుంటా ఉండాది, ముప్పై ఏళ్ళుగా ఒకటే మాట: "మోచేతి దాకా పెట్టక్కా." రోహిణి ఎండల్లో, చంకల కింద చెమట పొక్కులు లేస్తా ఉన్నా మోచేతి దాకా. మొదటిసారి కొలత తీసేటప్పుడే ఎందుకో నేను చూసినా. మోచేతికి పైన, దండచేతి మీద ఒక పేరుండాది. మగమనిషి పేరు. ఆమె మొగుడి పేరు కాదు.

చదివినా, గమ్మున టేపు చుట్టేసినా. చాన్నాళ్ళకి ఆమే చెప్పింది. మేనబావకి ఇస్తామని చిన్నప్పటి నుంచి అనుకున్నారంట. తాంబూలాలు కూడా మార్చుకున్నారు. ఆ వారంలోనే పచ్చబొట్లామె వచ్చింది. జతగత్తెలందరూ ఎగదోసినారు, ఈమె బావ పేరు పొడిపించుకునింది. ఆ బావ వేటకి తమిళనాడు పక్క పోయి, ఆడనే ఎవర్నో చేసుకున్నాడు. సంవత్సరం తిరక్కముందే ఈమెకి వేరే సంబంధం చూసి చేసినారు. పెళ్ళైన రెండో రోజు కొత్త పెళ్ళికొడుకు ఆ చెయ్యి చూసి "ఏందిది, ఏం రాసుండాది?" అని అడిగినాడంట. ఆ మనిషికి చదువు లేదు. అన్నం పెడతా ఉండిన ఈమె అమ్మ "నీ పేరే నాయనా! నిశ్చయమైన రోజే పొడిపించుకునింది" అనేసింది.

అంతే. ఆ మనిషి మురిసిపోయినాడు. ఒడ్డున ఉండే వాళ్ళందరికీ చెప్పుకున్నాడంట, నా పెళ్ళాం నా పేరు చేతి మీద రాయించుకునిందని. అప్పటి నుంచి చెల్లెలికి మోచేతి దాకా జాకెట్లు. చదువొచ్చినోళ్ళు ఎవరైనా చూసి ఆయన చెవిలో వేస్తారేమోనని.

ఈ ఏడు వేట ఆగిన వారానికి మేము ముగ్గురం వసారాలో కూర్చోని ఉండాం. నేను, చెల్లెలు, పెద్దక్క. పెద్దక్కంటే చర్చి పక్కింటామె, డెబ్బై దాటినాయి, చేతి మీద సిలువ, పావురం, ద్రాక్షగుత్తి, ఇంకా రెండు ఉండాయి. "చర్చి అయ్యగారు ఒంటి మీద గుర్తులు వద్దని వాక్యం చూపించినాడు పెద్దక్కా, మళ్ళా వేయించుకుంటావా?" అని చెల్లెలు అడిగింది.

"సిలువ చూపించి అడిగితే అయ్యగారే తల దించుకున్నాడు. ఈసారి గొర్రెపిల్ల వేయిస్తా, ఏమంటాడో చూద్దాం" అనింది పెద్దక్క.

నేను నా ముంజేతి మీద కత్తెర గీసుకోని చూసుకుంటా ఉండా. అప్పుడొచ్చినాడు చెల్లెలి మొగుడు, చేతిలో వల దారం ఉండతో. మరిది వరస నాకు. వచ్చి గడప మీద కూర్చోని, "వదినా, మీరు పచ్చబొట్లకి కావలి టౌనుకి పోతారంట గదా. నేనూ వస్తా" అన్నాడు.

"నీకెందుకయ్యా?"

"ఇన్నేళ్ళు ఆమె నా పేరు మోసింది. నేను ఆమె పేరు మోయొద్దా? ఆమె చెయ్యి చూపించి, ఇదే మాదిరి రాయమని చెప్తా."

చెల్లెలు పట్టుకోని ఉండిన టీ గ్లాసు ఒలికింది. చేతి సంగతి తెలిసిన పెద్దక్క దగ్గు తెచ్చుకునింది. నేను "అబ్బయ్యా, పేరెందుకు, ఒక చేప వేయించుకో, మంచి వంజరం" అన్నా.

"చేపలు చూసి చూసి మొహం మొత్తింది వదినా. పేరే" అని లేచి పోయినాడు.

ఆ మనిషి పోయినాక చెల్లెలి మొహం చూడాల మీరు. "ఆ పచ్చబొట్ల షాపామె గట్టిగా చదివితే ఏం గతక్కా? ఇన్నేళ్ళు నన్ను ఒక్క మాట అనలా ఆ మనిషి. ఈ వయసులో ఆయన మనసు విరిగితే నేను తట్టుకోలేను."

"ముందే పోయి దాని మీద నెమలి వేయించుకో, కనపడదు" అన్నా నేను.

"తన పేరని ఆయన అనుకునే దాన్ని నేనే చెరిపేస్తే ఏమనుకుంటాడు? ఇంకా ఘోరం గదా!"

పెద్దక్క ఒకటే మాట అనింది: "నిజం చెప్పేయవే పిల్లా." చెల్లెలు తల ఊపింది. రెండు రోజులు ప్రయత్నం చేసిందంట. ఒకరోజు పులుసు పెట్టి, పక్కన కూర్చోని, "ఇదో, ఒక మాట" అనిందంట. ఆయన తలెత్తి "ఉప్పు సరిపోయిందిలే" అన్నాడంట. ఈమె లేచి వచ్చేసింది.

ఏమీ చెప్పకుండానే ఆటో ఎక్కినాం నలుగురం. దారి పొడవునా మరిది ఒక్కడే మాట్లాడింది, వలల గురించి.

షాపు మేడ మీద. ఏసీ చల్లగా ఉండాది. తమిళనాడు అంచున ఉండే తడ వైపు నుంచి వచ్చిన ఆమె నడిపిస్తాది, ముప్పై ఐదేళ్ళుంటాయి, మాటలో తమిళం వాసన. ఒకప్పుడు ఆడ కంపెనీలో పనిచేసేదంట, ఆడ మానేసి మద్రాసులో ఈ పని నేర్చుకునింది. నేను ముందు లోపలికి పోయి, ఆమె చెవిలో చెప్పినా: "అమ్మా, ఆ చెల్లెలి చేతి మీద పేరు పైకి చదవబాక. నీకు దణ్ణం పెడతా."

"నేనేం చదవను అమ్మా. మీరు ఏం చెప్తే అది" అనింది. ఆ తర్వాత నాకు షుగరు ఎంతుండాది, బీపీ మాత్ర వేసుకున్నానా అని అడిగి, నా కత్తెర మొదలుపెట్టింది. మిషను చప్పుడు మన కుట్టు మిషను మోటారు మాదిరే. నొప్పి కంటే ఆ చప్పుడే నాకు హాయిగా ఉండింది. కావాలనే నేను ముందు కూర్చున్నా, రవంత టైము గడుస్తాదని. కత్తెర ఎంత సేపు? అరగంటలో అయిపోయింది.

మరిది లేచినాడు. చెల్లెలి చెయ్యి పట్టుకోని కుర్చీ కాడికి తీసుకొచ్చినాడు. జాకెట్టు చెయ్యి పైకి లాగినాడు. షాపామె అలవాటు కొద్దీ వంగి చూసింది, పెదాలు కదిలినాయి. చెల్లెలు కళ్ళు మూసుకునింది.

"చదవబాకమ్మా" అన్నాడు మరిది. "ఆ పేరోడి మీద వల వెయ్యి. వల కన్ను చిన్నదిగా పెట్టు. తల కూడా బయటికి రాకూడదు."

ముందు పెద్దక్కకి అర్థమయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోని ఊగిపోతా ఉండాది. నవ్వు ఆపుకోలేక స్తోత్రం స్తోత్రం అంటా ఉండాది.

చెల్లెలు కళ్ళు తెరిచింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"చేపలోళ్ళ సొసైటీ కార్డుకి సంతకం నేర్పించినప్పుడు. పది రోజులు ఇసకలో పుల్లతో నా పేరు రాసినా గదా. ఇంటికొస్తే నువ్వు మధ్యాహ్నం నిద్రపోతా ఉండావు. నీ చెయ్యి చూసినా. నా పేరు మాదిరి లేదు."

చెల్లెలు ఏడుస్తాదేమో అనుకున్నా నేను. ఆమె కాళ్ళ కాడ సంచి తీసి ఆయన మీదకి విసిరింది. "ఆ సంతకం నేర్చుకోని పదిహేనేళ్ళు! పదిహేనేళ్ళు నేను మోచేతి దాకా జాకెట్టేసుకోని, ఎండలో ఉడికి చస్తా ఉంటే, నోరు తెరిచి ఒక్క మాట చెప్పకూడదా?"

"నువ్వు చెప్తావని చూస్తా ఉండా. అదే మాదిరి రాయిస్తానంటే అయినా నోరు తెరుస్తావేమో అనుకున్నా."

"నేనెట్టా చెప్తానయ్యా?"

"నేనెట్టా అడిగేదే? మీ అమ్మ అన్నం పెడతా చెప్పింది. ముసలామె పరువు పోతాది గదా." సంచి నేల మీద నుంచి తీసి దులిపి, ఆమె ఒళ్ళో పెట్టినాడు. "ఆ పేరోడి మీద నాకేం కోపం లేదు. ఆడు నిన్ను వద్దనబట్టే గదా..." షాపామె వైపు తిరిగి, "కానియ్యమ్మా" అన్నాడు.

చెల్లెలు ఆయన మొహం చూడకుండా చెయ్యి చాపింది. షాపామె ఫోనులో వెతికి ఒక వల బొమ్మ చూపించింది. మరిది చూసి, "ఇదేం వల? ఈ ముడి ఇట్టా వేస్తే రొయ్య కూడా నిలవదు" అన్నాడు. బాల్‌పెన్ను తీసుకోని పెళ్ళాం చేతి మీద తనే ముడులు గీసినాడు, ఒక్కొక్కటి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకోని. సంతకం నేర్చుకునేటప్పుడు కూడా అట్టాగే కూర్చోని ఉంటాడు. గంటన్నర పట్టింది పొడవడానికి. అయినాక చూస్తే నిజంగా వలే. లోపల ఏముందో తెలిసిన వాళ్ళకి కూడా కనపడదు.

ఇంక ఆయన వంతు. జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నా పట్టించుకోని మనిషి, మిషను చప్పుడు వినగానే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. చెల్లెలు పక్కకి రాలా. గోడకానుకోని, కోపంగా, ఓరగా చూస్తా ఉండాది.

ఆమె పేరు రాయడం అయిపోయింది. షాపామె గుడ్డతో తుడిచి, "చూసుకోండి అన్నా" అనింది.

మరిది ముంజెయ్యి ఇటు తిప్పినాడు, అటు తిప్పినాడు. సంతకం తప్ప ఇంకేం రాదు గదా పాపం. "చదవమ్మా ఒకసారి" అన్నాడు షాపామెని. ఆమె చదివింది. ఆయనకి తృప్తి లేదు. "పెద్దక్కా, నువ్వు చూడు."

పెద్దక్క కళ్ళద్దాలు పెట్టుకోని వంగింది. "అయ్యో అబ్బయ్యా! ఎవరో సినిమా ఆమె పేరు రాసేసిందే!"

"పెద్దక్కా!" అని అరిచినాడు, సగం లేచినాడు.

"లేదులే, నీ పెళ్ళాందే. కూర్చో."

"వదినా, నువ్వు చదువు. నువ్వు అబద్ధం చెప్పవు."

ఆ మాటకి నాకు సిగ్గేసింది, ఇన్నేళ్ళు నేనూ దాచినదాన్నే గదా. చదివినా, గట్టిగా. అయినా ఆయన చెయ్యి దించలా. అదే చెయ్యి చాపి చెల్లెలి వైపు పెట్టినాడు.

చెల్లెలు ఐదో తరగతి దాకా చదివింది. గోడ కాడ నుంచి నిదానంగా వచ్చింది. పచ్చి చర్మానికి తగలకుండా, ఒక్కొక్క అక్షరం మీద గాలిలోనే వేలు పెట్టి, పెదాలు కదిలిస్తా చదువుకునింది. చివరి దాకా వచ్చి, మళ్ళా మొదటి నుంచి చదివింది. ఆయన ఊపిరి బిగబట్టి ఆమె మొహమే చూస్తా ఉండాడు.

"నాదే" అనింది. "చెయ్యి దించు ఇంక, నొప్పెడతాది."