మూడో ప్రకటన: ఫిల్మ్ నగర్ చర్చిలో ఒక ఆదివారం

"హైదరాబాదు వెళ్తున్నామండీ, షూటింగు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?" అని నన్ను అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను మటుకు ఎవర్నీ అడక్కుండానే చూశాను, అదీ ఆదివారం పూట, చర్చిలో. ఇన్నేళ్ళయినా గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. తొంభైల మొదట్లో సంగతి. అప్పుడు నేను తెనాలిలో టీచర్ని. మోతీనగర్‌లో ఉండే మా సరోజిని పిన్ని మోకాలు వాచి, ఫిల్మ్ నగర్ చర్చి పని ఒక్కదాన్నే చేసుకోలేకపోతున్నానని ఉత్తరం రాసింది. నాలుగు రోజులు సెలవు పెట్టి రైలెక్కాను. ఊరు చూసినట్టూ ఉంటుంది, పిన్నికి సాయం చేసినట్టూ ఉంటుంది అనుకున్నాను. చార్మినారు చూడనేలేదు. ఆ చర్చి చుట్టూ తిరగడంతోనే నా సెలవైపోయింది.

ఆ రోజుల్లో మోతీనగర్ నుంచి ఫిల్మ్ నగర్‌కి నేరుగా బస్సు దొరికేది కాదు. ఆ ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరి, ఎర్రగడ్డ మీదుగా అమీర్‌పేటలో దిగి, ఇంకో బస్సులో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా వెళ్ళాం. ఇద్దరికీ కలిపి నాలుగైదు రూపాయలయింది. అక్కడి నుంచి నడవొచ్చు కానీ దారంతా ఎక్కుడే, పైగా పిన్ని చేతిలో ద్రాక్షరసం సీసా. ఆటో మాట్లాడితే అతను మీటరు మీద ఐదు ఎక్కువడిగాడు. "అంతా గుట్టనే గదమ్మా, బండి ఎక్కాలె గద" అన్నాడు. కొంచెం దూరం పోయాక వెనక్కి తిరిగి, "షూటింగ్ జూడనీకి వొచ్చిండ్రా?" అని అడిగాడు. "కాదు బాబూ, గుడి ఊడవటానికి" అంది పిన్ని. దారిపొడుగునా బండరాళ్ళు, వాటి మధ్య కొత్త బంగళాలు, ఎత్తైన ప్రహరీలు. ప్రహరీల కింద, పల్లంలో, రేకుల ఇళ్ళ బస్తీ. ఆ రెంటికీ మధ్యలో చర్చి.

ఆదివారం చర్చికి వచ్చి కూర్చుని వెళ్ళేవాళ్ళకి దాని వెనక ఎంత చాకిరీ ఉంటుందో తెలియదు. ముందున్న ప్రభువు బల్ల మీద గుడ్డ మార్చాలి. ప్రభు భోజనానికి రొట్టెని వేలిగోరంత ముక్కలుగా కోయాలి. నల్లద్రాక్ష ఉడికించి వడగట్టిన రసాన్ని చిట్టి గ్లాసుల్లో తొణక్కుండా పోయాలి. ఏడింటికి మొదటి ఆరాధన. దానికి బంగళాలవాళ్ళు, ఆఫీసర్లు వస్తారు, బెంచీల మీద కూర్చుంటారు. పదింటికి రెండోది, బస్తీవాళ్ళది. వాళ్ళకి బెంచీలు చాలవు కాబట్టి వెనకంతా జంపఖానాలు పరవాలి. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, సెట్లు కట్టే వడ్రంగులు, సినిమాల్లో గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, అందరూ చెప్పులు గుమ్మం బయట విడిచి ఆ జంపఖానాల మీద మఠం వేసుకుని కూర్చుంటారు.

ఆ రోజు రెండో ఆరాధన కోసం పిన్ని పదిరోజుల నుంచీ ఎదురుచూస్తోంది. ఆ బస్తీలోనే పుట్టిపెరిగిన కరుణ అనే అమ్మాయికి మంగళవారం పెళ్ళి. కరుణ జూనియర్ ఆర్టిస్టు, పెళ్ళికొడుకు దానియేలు సెట్ల వడ్రంగి. మా చర్చి సంఘాల్లో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో నిలబడి ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని. మూడోసారి చదవందే అయ్యగారు, అంటే మా పాస్టరు, పెళ్ళి చేయడానికి వీల్లేదు. రెండుసార్లయింది, ఈ ఆదివారం మూడోది. ఇవాళ చదవకపోతే మంగళవారం పెళ్ళి లేదు. బుధవారం నుంచి ఉపవాసాల శ్రమ దినాలు మొదలవుతాయి, ఇక ఈస్టరు దాటేదాకా పెళ్ళి మాటే ఎత్తరు. సంగారెడ్డి వైపు నుంచి చుట్టాలు అప్పటికే వచ్చి బస్తీలో దిగారు. పిన్ని పెళ్ళికూతురికి తెల్లచీర కూడా తనే కొని, కొంగుకి లేసు కుట్టిపెట్టింది.

మొదటి ఆరాధన అవగానే అయ్యగారు స్కూటరెక్కి బోరబండలో ఇంకో ఆరాధనకి వెళ్ళారు. మేం గ్లాసులు కడిగి, మళ్ళీ రసం పోసి, జంపఖానాలు పరిచాం. ఇంతలో గేటు ముందు పెద్ద చప్పుడు. చూస్తే జనరేటర్ వ్యాను. దాని వెనక లైట్లు, స్టాండ్లు, పూలబుట్టలు. ఓ ఇరవైమంది బూట్లతో, చెప్పులతో తిన్నగా లోపలికొచ్చేశారు. మేం పరిచిన జంపఖానాలు చుట్టచుట్టి పక్కగదిలో పారేశారు. బల్ల మీదున్న పిన్ని కుట్టిన గుడ్డ తీసేసి మెరిసే శాటిన్ గుడ్డ కప్పారు. ఒకడు ట్రేలో గ్లాసులు చూసి, "అమ్మా, ఇవి ప్రాపర్టీనా?" అన్నాడు. సినిమావాళ్ళ భాషలో సీనులో పెట్టే సామానుని ప్రాపర్టీ అంటారట. నేను నోరు తెరిచేలోగా ఒక గ్లాసు ఎత్తి గుటుక్కున తాగేసి, "జ్యూస్ బాగుంది, కూలింగ్ లేదంతే" అన్నాడు. పిన్ని ట్రే లాక్కుని కొంగు కప్పింది. నాకు అరికాలిమంట నెత్తికెక్కింది.

"ఎవర్నడిగి వచ్చారయ్యా మీరు?" అన్నాను. ప్రొడక్షన్ మేనేజరట, మెళ్ళో తువ్వాలేసుకుని, నోట్లో కిళ్ళీతో వచ్చాడు. "మీ సెక్రటరీగారే ఇచ్చారండీ. పెళ్ళి సీను తీసుకుంటాం, మధ్యాహ్నానికి ఖాళీ చేసేస్తాం" అన్నాడు. సంఘం సెక్రటరీగారు అక్కడే ఉన్నారు. భార్యాపిల్లల్ని హీరోయిన్ కుర్చీ పక్కన కూర్చోబెట్టి మురిసిపోతున్నారు. పది గంటల ఆరాధన సంగతేమిటండీ అంటే ఆయన చెప్పిన జవాబు వినండి. "దాందేముందమ్మా, పదింటికి వచ్చేవాళ్ళందర్నీ గుంపులో కూర్చోటానికి వీళ్ళే బుక్ చేసుకున్నారుగా! వాళ్ళెలాగూ చర్చిలోనే ఉంటారు. పైగా వీళ్ళిచ్చే అద్దెతో మనకి ఫ్యాన్లొస్తాయి." ఎలాగూ చర్చిలోనే ఉంటారట! ఎంత తెలివి!

అప్పుడే బస్సొకటొచ్చి ఆగింది. పట్టుచీరల్లో, గిల్టు నగల్లో నలభై యాభైమంది దిగారు. అందరూ బస్తీవాళ్ళే. గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పులు విడవబోతే ఒకడు "చెప్పులుంచుకోండి, చెప్పులుంచుకోండి, సీనులో పెద్దింటోళ్ళు మీరు" అని గదమాయించాడు. సొంత గుళ్ళోకి చెప్పులతో తోలారు వాళ్ళని. అందులోంచి కరుణ తప్పించుకుని, మేం గ్లాసులు దాచుకుంటున్న పక్కగదిలోకి పరుగెత్తుకొచ్చింది. రంగేసిన మొహం మీద కన్నీళ్ళు చారలు కట్టాయి.

"పొద్దుగాల గంట పనే, పదింటి లోపు ఇడుస్తమన్నడు ఏజెంటు. ఏ చర్చో నాకు చెప్పలేదమ్మా. బస్సెక్కించుకొని తెచ్చిండ్రు, దిగి జూస్తే మన చర్చే. గిప్పుడు లేచి పోతే ఏజెంటు ఇంకెన్నడు పిలువడు. కూసుంటే నా ప్రకటన కాదు. జర మీరే అయ్యగారికి చెప్పుండ్రమ్మా" అని పిన్ని చేతులు పట్టుకుంది. మా ఆయనే పెళ్ళికి ముందు నా కోసం అంతగా ఏడ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపించి, ఆ పిల్ల మీద మహా ముద్దొచ్చింది నాకు. "ఏడవకు, రంగు పోతుంది. చదివిస్తాం" అన్నాను. ఎలాగో నాకూ తెలియదు.

పది దాటాక అయ్యగారు వచ్చారు. పాపం, మెత్తటి మనిషి. ఆరాధన మొత్తం అడగలేదు, ఐదు నిమిషాలు మాత్రం అడిగారు. మేనేజరు చేతులు జోడించాడు. జోడించడానికేం, వాళ్ళ దగ్గర దండాలకి లోటు లేదు. "హీరోయిన్ గారు ఒంటిగంటకల్లా వెళ్ళిపోవాలి అయ్యగారూ. ప్యాకప్ అయ్యాక ఎంతసేపైనా చదువుకోండి" అన్నాడు. ప్యాకప్ అయిన మరునిమిషం ఈ జనాన్ని అదే బస్సెక్కించి ఇంకో సీనుకి తోలుకుపోతారని కరుణ అప్పటికే చెప్పింది. "ఖాళీ బెంచీలకి చదవమంటారా ప్రకటన?" అన్నాను నేను. అతను వినిపించుకోలేదు. అయ్యగారు తలొంచుకుని మా గదిలోకి వచ్చి కూర్చున్నారు. "సంఘం ముందు చదవాలమ్మా. సంఘమేమో అక్కడ కూర్చుంది" అన్నారు గోడవైపు చూపిస్తూ.

మా గది తలుపు బల్లకి ఎడమపక్కగా చర్చిలోకే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి చూస్తూ నించున్నాం. హీరోయిన్ నేలమీద జీరాడే తెల్లగౌను వేసుకుంది. పెళ్ళికొడుకు ఉంగరం తొడిగాడు, అంతే. "తాళేదే?" అంది పిన్ని. పక్కన లైటు పట్టుకున్నతను "క్రిస్టియన్ పెళ్ళికి తాళేంటమ్మా!" అని నవ్వాడు. నలభై ఏళ్ళుగా మెళ్ళో ఉన్న పుస్తెలు పైకి తీసి వాడికి చూపించింది పిన్ని. వాడు లైటు అటు తిప్పుకున్నాడు.

కెమెరా బల్ల దగ్గర పెట్టి జనం వైపు తిప్పారు. డైరెక్టరు మైకులో చెప్పాడు. పాస్టరు అభ్యంతరం ఉందా అని అడుగుతాడు, తను చప్పట్లు కొట్టగానే అందరూ ఉలిక్కిపడి గుమ్మం వైపు చూడాలి, అక్కడి నుంచి హీరో వస్తాడు అని. పాస్టరు వేషం వేసిన దొంగ పాస్టరు అంగీ సర్దుకున్నాడు. గొంతు బొంగురు చేసి, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నాడు. నిజం పెళ్ళి గురించి అడగాల్సిన మాట అది. నిజంగా అడగాల్సిన మనిషి నా వెనక స్టూలు మీద తలొంచుకుని ఉన్నాడు. పెళ్ళి కావాల్సిన పిల్ల మూడో వరసలో అద్దె పట్టుచీరలో కూర్చుంది. ఇంక నా వల్ల కాలేదు.

"నాకుంది!" అని అరిచాను.

తలుపు తోసుకుని బల్ల ముందుకి వెళ్ళిపోయాను. "నాకుందయ్యా అభ్యంతరం! ఉత్తుత్తి పెళ్ళికి గుడి కావాలి, మనుషులు కావాలి, పూలు కావాలి. నిజం పెళ్ళికి ఐదు నిమిషాలు లేవా? ఆ మూడో వరసలో పిల్లకి మంగళవారం పెళ్ళి. ఇవాళ ఇక్కడ, వీళ్ళ ముందు చదవకపోతే ఆగిపోతుంది. సిగ్గులేదూ?" మేనేజరు "అమ్మా, అమ్మా, ఫిల్ము వేస్టయిపోతోంది" అంటూ పరుగెత్తుకొచ్చాడు. "అవనీ!" అన్నాను. సెక్రటరీగారు నా చెయ్యి పట్టుకోబోయారు. నేను చూసిన చూపుకి వెనక్కి తగ్గారు. ముందు వరసలో ఒకావిడ లేచి, చెప్పులు విప్పి బెంచీ కిందికి తోసి నిలబడింది. తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే సంఘమంతా లేచి నిలబడింది. అందర్నీ ఒకేసారి మానేయమనలేడుగా ఏ ఏజెంటూ! డైరెక్టరు వాచీ చూసుకుని, విసుగ్గా చెయ్యి ఊపాడు.

అయ్యగారు వచ్చారు. శాటిన్ గుడ్డ పక్కకి తోసి, బల్ల మీద చెయ్యి ఆనించి, చిన్న ప్రార్థన చేసి చదివారు. దానియేలుకీ కరుణకీ పరిశుద్ధ వివాహం, ఇది మూడోసారి, అభ్యంతరం తెలిసినవాళ్ళు ఇప్పుడే చెప్పాలి అని. ఎవరూ మాట్లాడలేదు. బయట జనరేటరు ఒక్కటే రొద. ఆఖర్న "ఆమెన్" అని అందరూ అన్నప్పుడు చూస్తే, ఇందాక పిన్నిని చూసి నవ్విన లైటతను ఒట్టికాళ్ళతో నిలబడ్డాడు, చెప్పులు గుమ్మం బయటున్నాయి. కరుణ మొహంలోకి అప్పుడొచ్చింది నవ్వు. అంతలో డైరెక్టరు లేచి, "ఆ మూడో వరసమ్మాయి ఎక్స్‌ప్రెషన్ బాగుంది. పాస్టరుగారూ, అదే ఇంకొక్కసారి చదవండి, క్లోజప్ పెట్టుకుంటాం" అన్నాడు. చూశారా వీళ్ళ వరస! "మూడుసార్లే చదువుతారు. అయిపోయింది" అని పిన్ని బల్లగుడ్డ మడిచి చంకలో పెట్టుకుంది.

మంగళవారం పెళ్ళయింది. దానియేలు తాళి కట్టాడు, నేను అక్షింతలు వేసి ఆ రాత్రే రైలెక్కాను. ఏడాదికి ఆ సినిమా మా ఊరొచ్చింది. వెళ్ళి కూర్చున్నాను. ఆ సీను రాగానే దొంగ పాస్టరు అభ్యంతరం ఉందా అన్నాడు, జనమంతా ఉలిక్కిపడి తలలు తిప్పారు. తర్వాత గుమ్మంలోంచి హీరో చొక్కా ఎగరేసుకుంటూ వచ్చాడు. కానీ ఆ తలలన్నీ తిరిగింది గుమ్మం వైపు కాదు, బల్ల పక్కన మా గది తలుపు వైపు! నేనరిచినప్పుడు తిరిగిన తలలు అవి. వేస్టన్న ఫిల్మే వాడుకున్నారు, మాట మాత్రమైనా చెప్పకుండా. "హీరో కాదు, నేను!" అని పైకే అనేశాను. వెనకవాళ్ళు "కూర్చోండమ్మా" అన్నారు. కూర్చున్నాను. అన్ని మొహాల్లోనూ కంగారే, మూడో వరసలో ఒక్క మొహంలో తప్ప. ఆ పిల్ల నా వైపు చూస్తోంది, ఎవరో ఒకరు అడుగుతారని ముందే తెలిసినట్టు.

ఊళ్ళు చూడ్డానికి వెళ్ళినప్పుడు మనకి సంబంధం లేని గొడవల్లో తలదూర్చొద్దని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను చెప్పను. ఆ ఐదు నిమిషాలు అడగడానికి పైవూరిదాన్ని, రేపు అక్కడ బతకాల్సిన పని లేనిదాన్ని, నేనే కావలసివచ్చింది. అందుకు నాకిప్పటికీ కోపమే. ఇక మీరు ఆదివారం అటు వెళ్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. చర్చిలో జనం కనిపించగానే లోపలికి వెళ్ళిపోకండి. ముందు గుమ్మం దగ్గర చూడండి. చెప్పులుంటే ఆరాధన, మీవీ విడిచి లోపలికి వెళ్ళండి. లేకపోతే షూటింగు. అప్పుడు కూడా లోపలికి వెళ్ళండి, వెళ్ళి ఎవరి ఆదివారం ఆగిపోయిందో అడగండి.