లకుముకి పిల్లలు ఎగిరిన పూట

రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్లే దారిలో, కాలవ గట్టు మీదున్న ఒక పశువైద్యశాలలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా నేను చేరింది ఒక జనవరి మొదటి సోమవారం. అప్పటికి నా సర్వీసు పద్దెనిమిదేళ్లు. వినడానికి పెద్ద అనుభవంలాగే ఉంటుంది. అందులో పన్నెండేళ్లు నేను వ్యాధి నిర్ధారణ ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. గాజు పలక మీద గేదె రక్తపు చుక్కను చూసి జబ్బు పేరు చెప్పమంటే తడుముకోకుండా చెప్పేదాన్ని. నాలుగు కాళ్ల మీద నిలబడిన గేదె ఎదురైతే మాత్రం ఎక్కడ చెయ్యి వెయ్యాలో తోచేది కాదు.

ల్యాబ్‌కు నేను బదిలీ అడిగి మరీ వెళ్లాను. మొదటి పోస్టింగ్ బాపట్ల అవతల ఒక ఊళ్లో. అక్కడ ఈనలేక అవస్థ పడుతున్న ఒక గేదెకు ఆపరేషన్ చేస్తుండగా అది నా చేతుల్లోనే పోయింది. ఆ రైతు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తర్వాత కత్తి పట్టాల్సిన కేసంటే ఏదో ఒక సాకు చెప్పి తప్పుకునేదాన్ని. ఎవరైనా అడిగితే, "ఆపరేషన్‌లో ఒక గేదె పోయింది, అప్పటినుంచి సర్జరీ మానేశాను" అని చెప్పేదాన్ని.

మా శాఖలో వరస ఇలా ఉంటుంది. ఊరి ఆసుపత్రికి నాలాంటి అసిస్టెంట్ సర్జన్, తెనాలిలాంటి పట్నంలోని పెద్ద ఆసుపత్రికి అసిస్టెంట్ డైరెక్టర్, ఆ పైన డిప్యూటీ డైరెక్టర్. కింద కుదరని కేసును రిఫరల్ చీటీ రాసి పైకి పంపించవచ్చు. ఆ వీలును నేను తెగ వాడుకున్నాను. కొమ్ము విరిగిందా, తెనాలి. పొదుగులో గడ్డా, తెనాలి. చేరిన మూడు నెలలకే ఊళ్లో నాకు 'చీటీల డాక్టరమ్మ' అని పేరు పెట్టేశారు. నాకు కోపం వచ్చిందిగానీ, వాళ్లది తప్పని మాత్రం అనలేకపోయాను.

నాకు తోడుగా కోటేశ్వరరావు గారని ఒకాయన ఉండేవారు. రికార్డుల్లో వెటర్నరీ అసిస్టెంట్, ఊరందరికీ కాంపౌండరు. ఆ ఆసుపత్రిలో ఆయనకు పాతికేళ్లు. నాకు ల్యాబ్ అలవాటు పోక, సిజేరియన్ కిట్టును ప్రతి సోమవారం విప్పించి, కత్తులూ కత్తెరలూ కడిగించి, స్టెరిలైజ్ చేయించి, గుడ్డలో చుట్టి మళ్లీ బీరువాలో పెట్టించేదాన్ని. నాలుగైదు సోమవారాలు ఓపిక పట్టి, ఒకరోజు ఆయన అననే అన్నారు.

"వంట చెయ్యని ఇంట్లో గిన్నెలు తోముతున్నట్టుందండి మేడం."

ఏప్రిల్‌లో కాలవలు కట్టేశారు. నీళ్లు తీసిపోయి బురద మిగిలింది, అక్కడక్కడా గుంటల్లో చేపలు మిగిలాయి. ఆసుపత్రికి ఎదురు గట్టులో నిట్టనిలువుగా ఉన్న మట్టి గోడలో ఒక బొరియ బయటపడింది. లకుముకి పిట్టల జంట ఒకటి అందులో పిల్లల్ని చేసింది. నీలిరంగు వీపు, తెల్లని రొమ్ము, ఎర్రని పొడుగు ముక్కు, ఒంటికి మించిన అరుపు. రోజూ పది గంటల టీ వేళకు కోటేశ్వరరావు గారూ నేనూ వరండాలో నిలబడి వాటి రాకపోకలు చూసేవాళ్లం. తల్లీ తండ్రీ వంతులేసుకుని తొండల్నీ, పీతల్నీ మోసుకొచ్చి లోపల దూరేవి.

నెలాఖరులో ఒక బుధవారం, పొద్దున ఎనిమిదిన్నరకు నేను వచ్చేసరికే ఆయన వరండా చివర నిలబడి చెయ్యి ఊపుతున్నారు.

"తొందరగా రండి మేడం! నిన్నటినుంచీ మేత లోపలికి తీసకెళ్లడం మానేసిందండి. అదుగో, కరెంటు తీగ మీద కూర్చుని ఊరిస్తంది."

నిజమే. తల్లి పిట్ట నోట్లో తొండతో తీగ మీద కూర్చుని ఒకటే పిలుపు. బొరియ అంచున చిన్న ముక్కు కనబడింది. మళ్లీ లోపలికి పోయింది. మళ్లీ వచ్చింది. కిందకి చూసింది, లోపలికి పోయింది. పావుగంట ఇదే వరస. నాకు తెలియకుండానే నేను వరండా స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాను.

"కాకిపిల్లయితే గూటి అంచున నిలబడి వారం రోజులు రెక్కలాడిచ్చుద్దండి," అన్నారాయన, కళ్లు తిప్పకుండా. "దీనికా వీలు లేదు. ఆ బొక్కలో రెక్క విప్పితే మట్టే తగులుద్ది. ఎంత తిన్నా, ఎంత పెరిగినా, విప్పడమంటూ జరిగితే గాల్లోనే."

ఆ మాట పూర్తవుతుండగానే పిల్ల బయటపడింది. ఎగరలేదు, పడింది. రాయి పడ్డట్టే పడింది. బురదకు ఒక బారెడు ఎత్తులో ఉండగా నీలిరంగు రెక్కలు రెండూ ఒక్కసారి విప్పుకున్నాయి. కాలవకు అడ్డంగా, వంకరటింకరగా, బురదను తాకుతూ తాకకుండా ఈ గట్టుకొచ్చి మా ఆసుపత్రి కంచె పక్క ఆముదం చెట్టులో చిక్కుకుంది. ఒక రెక్క పైకి, ఒక రెక్క కిందికి. వాలడం కూడా చేతకాలేదు దానికి. అయినా అరుస్తోంది! నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. నలభై ఆరేళ్ల గెజిటెడ్ ఆఫీసరునన్న సంగతి గుర్తు రాలేదు. కాసేపటికి రెండో పిల్లా దూకేసింది.

మేమింకా ఆ సందడిలోనే ఉండగా వెంకాయమ్మ గారు ఎవరిదో మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చారు. భర్త పోయిన మనిషి. ఆమెకున్నది ఒకే గేదె, ఇల్లు గడిచేది దాని పాల మీదే. తెల్లవారుజామునుంచి నొప్పులు పడుతోందనీ, ఉమ్మనీటి సంచి కూడా కనబడలేదనీ చెప్పారు. కిట్టు తీసుకుని వెళ్లాం. కిట్టు నేను తీసుకోలేదు, కోటేశ్వరరావు గారే బండికి తగిలించారు.

చెయ్యి లోపలికి పెట్టగానే తెలిసిపోయింది. గర్భసంచి మెలిక పడింది. నిండు చూడి గేదె పడుకుని లేచేటప్పుడు ఒక్కోసారి లోపల గర్భసంచి తన చుట్టూ తాను తిరిగిపోతుంది. దారి మూసుకుపోతుంది. నొప్పులొస్తాయిగానీ దూడ రాదు. వేళ్లకు పిండిన తడిబట్టలా మడతలు తగులుతాయి. ఈ గేదెకు మెలిక కుడివైపుకుంది. మడతల సందులోంచి వేళ్లు పోనిస్తే దూడ గిట్ట అందింది. నొక్కాను. దూడ కాలు వెనక్కి లాక్కుంది.

లోపల దూడ బతికే ఉంది. దాంతో నా భయమూ పెరిగింది.

మెలిక విడదీయడానికి మొదట చేసేది దొర్లించడం. మెలిక ఏ పక్కకుంటే ఆ పక్కకే గేదెను పడుకోబెట్టి, ముందు కాళ్లు రెండూ, వెనక కాళ్లు రెండూ విడివిడిగా కట్టి, డొక్క మీద పొడవాటి చెక్కబల్ల ఆనించాలి. బల్ల మీద ఒక మనిషి నిలబడితే, మిగిలినవాళ్లు గేదెను మెల్లగా అదే పక్కకు దొర్లించాలి. బల్ల లోపలి దూడను కదలనివ్వదు, గేదె ఒళ్లు తిరుగుతుంది, మెలిక విడుతుంది. చాలా కేసులు దీంతోనే తేలిపోతాయి. మాకు నేర్పినది మూడుసార్లు. అప్పటికీ విడకపోతే పొట్ట కోసి దూడను తీయాలి.

ఆరుగురు మగవాళ్లు చేయి వేశారు. మొదటిసారి దొర్లించి చెయ్యి పెట్టి చూశాను, విడలేదు. రెండోసారీ లేదు. మూడోసారీ లేదు. టైము పదిన్నర దాటింది.

తెనాలికి ఫోన్ చేశాను. అసిస్టెంట్ డైరెక్టర్ గారు గుంటూరులో మీటింగులో ఉన్నారు, వచ్చేసరికి సాయంత్రం నాలుగవుతుందన్నారు. నీకు వీలు కాకపోతే పంపించు, వచ్చి చూస్తానన్నారు. నేను వెంకాయమ్మ గారి వైపు తిరిగి తెనాలి సంగతి చెప్పబోయాను. ఆమె నా మొహం చూసే గ్రహించారు.

"ఈ ఎండలో ట్రాక్టరెక్కిస్తే దారిలోనే పోద్దమ్మా. నువ్వు డాక్టరువేగా? నువ్వే ఏదోటి చెయ్యి తల్లీ."

"ఇంకోసారి దొర్లిద్దాం," అన్నాను.

మగవాళ్లు తాళ్లు పట్టుకున్నారు. కోటేశ్వరరావు గారు మాత్రం కదల్లేదు. నన్ను గడ్డివామి పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"మేడం, ఏమనుకోకండి. మీరు చెప్పిన ఆ బాపట్ల గేదెక్కూడా ఇదే కదండీ, మెలికే?"

"అవును."

"ఎన్నిసార్లు దొర్లించారండి?"

"ఏడుసార్లు."

"కత్తి ఎప్పుడు పట్టారండి?"

"సాయంత్రం. అప్పటికే లోపల గర్భసంచి చిరిగిపోయి ఉంది."

ఆయన నా వంక వింతగా చూశారు. "మరి ఆపరేషన్‌లో పోయిందంటారేంటండి?"

పన్నెండేళ్లు నేను కత్తిని నిందించాను. ఆ గేదెను చంపింది కత్తి కాదు. కత్తి పట్టడానికి భయపడి నేను చేయించిన నాలుగో దొర్లింపు, అయిదు, ఆరు, ఏడు. ఇప్పుడు మళ్లీ సరిగ్గా ఆ నాలుగోదే చేయించబోతున్నాను. బొరియ అంచున ముక్కు బయటపెట్టి, కిందకి చూసి, లోపలికి పోయిన ఆ పిల్ల కళ్ల ముందు మెదిలింది. నేను ల్యాబ్‌లో ఇంకో పన్నెండేళ్లు చదివినా, ఆ కిట్టును ఇంకో వంద సోమవారాలు కడిగించినా, చెయ్యి తిరగాలంటే ఈ గొడ్ల చావిట్లోనే తిరగాలి.

"తాళ్లు వదలకండి," అన్నాను. "కుడిపక్కకే పడుకోబెట్టండి. వేడినీళ్లు కావాలి, కింద పరచడానికి పట్టా కావాలి, సెలైన్ కట్టడానికి ఒక గెడ కావాలి."

వెంకాయమ్మ గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గేదె పోవచ్చు, దూడ పోవచ్చు, రెండూ పోవచ్చు. నేనీ ఆపరేషన్ చేసి పన్నెండేళ్లయిందని కూడా చెప్పాను. ఆమె అంగీకార పత్రం మీద వేలిముద్ర వేసి, "కానీయమ్మా" అని గేదె తల దగ్గర కూర్చున్నారు.

ఎడమ డొక్క కింద, పొదుగుకు ముందు వెంట్రుకలు గొరిగి, కడిగి, మందు రాసి, మత్తు సూదులు వరసగా ఇచ్చాను. కత్తి పట్టుకున్నాను. దాచను. మొదటి గాటు వంకర పోయింది. ఆ గాటు పడ్డాక మాత్రం చెయ్యి కుదురుకుంది! తర్వాత ఏం చేయాలన్నది నా చేతులకు గుర్తుంది. చర్మం, కండ, లోపలి పొర. మూరెడికి కాస్త తక్కువ దారి. చెయ్యి దించి గర్భసంచి గోడ మీదనుంచే దూడ కాలు పట్టుకుని గాయం దగ్గరకు తెచ్చాను. సంచి ఇంకా చిరగలేదు, రంగు మారడం అప్పుడే మొదలైంది. ఇంకో రెండుసార్లు దొర్లించి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

సంచి కోసి వెనక కాళ్లు రెండూ పట్టుకుని, "లాగండి!" అన్నాను. కోటేశ్వరరావు గారూ, ఇంకొకాయనా పైకి లాగారు. నల్లగా, తడిగా, జారుతూ దూడ బయటికొచ్చింది. పెయ్యదూడ. కదలిక లేదు. నేను గర్భసంచిని వదలడానికి లేదు, అక్కడినుంచే అరిచాను. కోటేశ్వరరావు గారు దాన్ని తలకిందులుగా పట్టుకుని ముక్కూ నోరూ తుడిచి, రొమ్ము రుద్ది, ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పారు. ఒకసారి. రెండుసార్లు. దూడ తుమ్మింది.

చావిట్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారి గోల చేశారు. నేనూ చేశాను, రెండు చేతులూ మోచేతిదాకా గేదె పొట్టలో పెట్టుకుని. అంత సంతోషం నా సర్వీసులో అంతకు ముందు ఎరగను.

మెలిక సరిచేసి, గర్భసంచికి రెండు వరసలు, కండకు ఒక వరస, చర్మానికి ఒక వరస కుట్లు వేసి లేచేసరికి ఒంటిగంటన్నర. నా పని వేగంగా లేదు, అందంగా అసలే లేదు. మూడు గంటలకు గేదె ముందు మోకాళ్ల మీద లేచి, తూలి, మళ్లీ ప్రయత్నించి నిలబడింది. దూడను వాసన చూసి నాకడం మొదలుపెట్టింది. వెంకాయమ్మ గారు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చారు. నాలుగింటికి తెనాలినుంచి ఫోనొచ్చింది, కేసు బయల్దేరిందా అని. ఇక్కడే అయిపోయింది సార్ అన్నాను.

తర్వాత సర్వీసులో ఆ ఆపరేషన్ చాలాసార్లు చేశాను. పోయిన గేదెలూ ఉన్నాయి. డిప్యూటీ డైరెక్టర్‌గా రిటైరయ్యేవరకు కొత్తగా చేరిన డాక్టర్లకు చెప్పింది ఒక్కటే. కేసును పైకి పంపడం తప్పు కాదు. అక్కడ మెరుగైన వైద్యం ఉండి, గేదె అక్కడిదాకా బతికి చేరుతుందనుకుంటే పంపాలి. మన భయం తీరడానికి పంపకూడదు. ఆగడంలోనూ ప్రమాదం ఉంటుంది, దాన్ని కేసు షీటులో ఎవరూ రాయరు కాబట్టి కనబడదు.

నేను రాశాను. వెంకాయమ్మ గారి గేదెకు ఆపరేషన్ చేసిన వారమే తెనాలిలో మా ఇంట్లో మొదటి పోస్టింగ్ నాటి నా సొంత కేసు పుస్తకం వెతికి తీశాను. బాపట్ల అవతలి ఆ గేదె పేజీలో 'ఆపరేషన్ చేస్తుండగా మరణించింది' అని నా దస్తూరీతోనే ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన 'ఆపరేషన్ ఆలస్యం చేసినందువల్ల మరణించింది' అని రాసి, దిద్దిన రోజు తేదీ వేసి సంతకం పెట్టాను.