కదలని సూది

మిషను మేస్త్రి పదో తరగతి గుమ్మం తొక్కలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఎందుకంటే విమానాల క్లబ్బులో ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు దాన్ని గుర్తు చేస్తూనే ఉంటారు, అదీ ప్రేమగానే.

కుట్టు మిషన్లు బాగుచేయడం ఆయన వృత్తి. బస్టాండు వెనక సందులో కొట్టు. రెండు మిషన్లు ఎదురెదురుగా పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత జాగా. ముందు భాగంలో భార్య స్కూలు యూనిఫాంలు కుడుతుంది, వెనక భాగంలో ఆయన మిషన్లు విప్పుతాడు. ఆ వెనక భాగంలోనే, దారం రీళ్ళ అరకి పైన, రెండు తాళ్ళకి వేలాడుతూ ఒక విమానం ఉంటుంది. మూడు మూరల రెక్కలు. బొమ్మ విమానం అంటే ఆయనకి ఒళ్ళు మంట.

"బొమ్మైతే ఇంజనెందుకండీ దానికి?" అంటాడు.

ఊరి చివర మైదానంలో ప్రతి ఆదివారం పొద్దున క్లబ్బువాళ్ళు చేతిలో రిమోట్లు పట్టుకుని విమానాలు ఎగరేస్తారు. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ అందరి ఇంజన్లకీ మేస్త్రే దిక్కు. ఎవరిది మొరాయించినా "మేస్త్రీ, ఒకసారి ఇటు రండి" అని కేకేయడమే. ఆయన చెయ్యి పడగానే అప్పటిదాకా దగ్గుతున్న ఇంజను రాగం అందుకుంటుంది.

కానీ షెడ్డులో ఉన్న నల్లబోర్డు మీద ఆయన పేరు లేదు. ఇంజను ఆగకుండా పది నిమిషాలు ఎగరేసి, గీసిన గీతల మధ్య దింపినవాళ్ళ పేర్లే దాని మీద ఎక్కుతాయి. ఏడాదికి మూడు ప్రయత్నాలు, అంతే. క్లబ్బు కార్యదర్శి పళ్ళ డాక్టరు పేరుంది. ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు పేరుంది. ఆ రోజు వాళ్ళ ఇంజన్లు స్టార్టు చేసిందెవరో బోర్డు చెప్పదు.

ఈ ఏడు మేస్త్రి పంతం పట్టి సొంత విమానం కట్టుకున్నాడు. ఇంజను మాత్రం పాతది, ఎవరో అవతల పడేసింది. రెండు ప్రయత్నాలు నీళ్ళపాలయ్యాయి. రెండుసార్లూ ఒకటే తంతు. నాలుగో నిమిషం వరకు హాయిగా తిరిగి, ఉన్నట్టుండి ఇంజను గొంతు సన్నబడి, కీచుమని, టక్కున ఆగిపోయింది. రెండోసారి ముక్కు నేలలో దిగబడింది.

"ట్యాంకులో బుడగలు, మేస్త్రీ. థియరీ ప్రకారం అదొక్కటే కారణం," అన్నాడు లెక్చరరు. "స్పాంజి చుట్టండి."

మొదటిసారి చుట్టాడు. రెండోసారి ఇంకా మందంగా చుట్టాడు. అంత చదువుకున్న మనిషి చెప్తే కాదనడానికి నోరు రాలేదు. చెవి మాత్రం కాదనే చెప్తోంది. అది బుడగల చప్పుడు కాదు. ఇంధనం చాలక ఎండిపోతున్న గొంతు. కానీ పద్దెనిమిదేళ్ళ చెవి కన్నా నాలుగేళ్ళ డిగ్రీ బరువెక్కువని మనవాళ్ళందరి లాగే ఆయనా నమ్మాడు.

మూడో ప్రయత్నం ఆదివారం. అది కూడా పోతే మళ్ళీ ఏడాది ఆగాలి. గురువారం మధ్యాహ్నం కొట్టు వెనక ఇంజనుని గట్టు మీది పట్టుకారుకి బిగించి నడిపాడు. ఇంజను పావుగంట ఏకబిగిన మోగింది.

"ఇక్కడ బంగారంలా ఉంది కదండీ," అంది భార్య, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని. "అక్కడికెళ్ళాకే దానికేం మాయరోగం?"

"అక్కడ గాలి వేరు."

"నాకు చెప్తున్నారా? ఆ మధ్య ఒకావిడ మిషను కూడా మన కొట్లో బంగారంలానే కుట్టింది. వాళ్ళింట్లో ఊగే బల్ల మీద పెట్టగానే పేచీ."

మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. ఆ కస్టమరు మిషనులో బాబిన్ కేసు మీద చిన్న మర ఒకటి ఉంటుంది, దారం బిగువు దానిదే. బల్ల ఊగుడుకి ఆ మర తనంతట తనే తిరిగిపోయేది. తనే కదా పట్టుకున్నాడు దాన్ని! ఇంజనుకీ అలాంటిదే ఒక సూది ఉంది. దాని తల కుడికి తిప్పితే ఇంధనం తగ్గుతుంది, ఎడమకి తిప్పితే పెరుగుతుంది. పావు చుట్టు తేడా వస్తే ఇంజను ఊరుకోదు. పట్టుకారు సిమెంటు గట్టుకి బిగించి ఉంది, అది చస్తే ఊగదు. విమానమో, తేలిక చెక్క. గాల్లో నిలువెల్లా వణుకుతుంది.

"ఊరందరి మరలూ బిగించే పెద్దమనిషిని నేను," అని తలకొట్టుకున్నాడు. "నా మర నాకు కనపళ్ళేదు."

"నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్ని. డిగ్రీ లేదుగా, అడగరు!"

సూది తల మీద ఒక తెల్ల చుక్క, దానికెదురుగా ఇంజను మీద ఇంకో చుక్క పెట్టాడు. ఇంజనుని విమానానికి బిగించి, తోకని స్టూలుకి కట్టి, రెక్కల్ని వదిలేసి నడిపాడు. ఐదు నిమిషాలకి చుక్కలు రెండూ ఎడమొహం పెడమొహం అయ్యాయి. దొంగ దొరికాడు. సూది కూర్చునే గొట్టంలో మరలు అరిగిపోయి ఉన్నాయి, అందుకే అంత వదులు.

ఇక చేయాల్సింది తనకి తెలిసిన విద్యే. కస్టమర్ల బాబిన్ మరలకి గోళ్ళరంగు చుక్క వేస్తాడు, ఆరాక అది కదలమన్నా కదలదు. సూదికీ అదే వేశాడు. అక్కడే కాలు జారింది. శుక్రవారం ఇంజను నడిపి చూస్తే ఎర్రరంగు కరిగి, ఇంధనంతో కలిసి రెక్క మీద నెత్తురులా కారుతోంది. చుక్కలు మళ్ళీ విడిపోయాయి.

"ఆ పాడు నూనెలో ఏదైనా కరుగుతుంది," అని విసుక్కుంటూ, ట్యాంకు శుభ్రం చేద్దామని ఇంధనం పైపు లాగబోయాడు. మెత్తటి సిలికాన్ పైపు. రాదే! చేత్తో లాగాడు, గుడ్డ పెట్టి లాగాడు, చివరికి పంటితో పట్టాడు.

భార్య కుట్టడం ఆపి చూస్తోంది. "పళ్ళ డాక్టరుకి బేరం తెస్తున్నారా?" అంది నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపేసింది. "ఏవండీ, రంగు ఒక్క పూటలో కరిగిపోయింది. ఈ పైపు రోజూ అందులోనే నానుతోంది కదా, దీనికేం కాలేదే? పైగా ఎంత పట్టు పట్టిందో చూడండి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ దారం కత్తెర తీసి పైపులోంచి వేలిగోరంత ముక్క కత్తిరించింది. ఆయన సూదిని పూర్తిగా బయటికి తీసి, ముక్కని దానికి ఉంగరంలా ఎక్కించి, మళ్ళీ బిగించాడు. ముక్క సగం సూదినీ సగం గొట్టాన్నీ కరుచుకుని కూర్చుంది. వేళ్ళతో తిప్పితే తిరుగుతుంది, కానీ బరువుగా, బతిమాలించుకుని తిరుగుతుంది. స్టూలుకి కట్టి ఇరవై నిమిషాలు నడిపారు. చుక్కలు మొహం తిప్పుకోలేదు.

"నేలకీ గాలికీ తేడా ఉంటుంది," అన్నాడాయన, దిష్టి తగులుతుందేమోనన్నట్టు.

ఆదివారం భార్య రాలేదు, యూనిఫాంలు ఇవ్వాల్సిన రోజు. మైదానంలో డాక్టరు స్టాప్‌వాచీ నొక్కాడు. విమానం లేచింది. నాలుగో నిమిషం దగ్గర పడుతుంటే మేస్త్రి విమానాన్ని దగ్గరికి తిప్పుకున్నాడు. నాలుగు దాటింది. ఇంజను గొంతు మారలేదు.

ఏడో నిమిషంలో చప్పుడు కాస్త సన్నబడింది.

"మళ్ళీ బుడగలే! దింపెయ్యండి మేస్త్రీ, ముక్కు విరుగుతుంది," అన్నాడు లెక్చరరు.

మేస్త్రి తల వంచి విన్నాడు. ఈసారి తన చెవినే నమ్మాడు. "గాలి మళ్ళింది సార్, అందుకే అలా వినపడుతోంది. ఇంజను నిక్షేపంలా ఉంది."

విమానం ఇటు తిరగగానే గొంతు మళ్ళీ నిండుగా వచ్చింది.

"పది!" అని అరిచాడు డాక్టరు. "మేస్త్రీ, పదయింది, దింపండి!"

మేస్త్రి దింపలేదు. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. పద్దెనిమిదేళ్ళు ఊరందరి ఇంజన్లూ పాడటం విన్నవాడికి, తన ఇంజను పాట ఇంకో మూడు నిమిషాలు వినే హక్కు లేదా? పదమూడో నిమిషంలో, చక్కగా గీతల మధ్య, చాప మీద చెయ్యి ఆనించినట్టు దించాడు.

లెక్చరరు అందరి కన్నా ముందు పరుగెత్తుకెళ్ళి, వంగి, కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఏమిటిది?"

"పైపు ముక్క సార్. సూది కదలకుండా."

"ఇంతేనా?"

"ఇంతే. ఇది కనిపెట్టింది మా ఆవిడ. థియరీ కావాలంటే కొట్టుకి రండి, ఆవిడ చెప్తుంది."

లెక్చరరు గట్టిగా నవ్వేసి, మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపాడు. "వస్తాను. నా ఇంజను కూడా తెస్తాను, నాకో ముక్క వేసిపెట్టండి."

డాక్టరు సుద్దముక్క తెచ్చి బోర్డు మీద రాశాడు. మేస్త్రి పక్కనే నిలబడి అక్షరం అక్షరం చూశాడు. కొమ్ము ఒకటి వంకరపోతే తుడిపించి మళ్ళీ రాయించాడు.

కొట్టుకి వచ్చేసరికి భార్య మిషను తొక్కుతోంది. ఎదురుగా ఒక తల్లి పిల్లల యూనిఫాం కోసం తొందరపెడుతోంది.

"పడిందా?" అంది భార్య, తల ఎత్తకుండా.

"పడలేదు. నేనే దింపాను. పదమూడు నిమిషాలు."

"చుక్కలు?"

ఆయన విమానాన్ని కుట్టుబల్ల మీద, గుండీల డబ్బా పక్కన పెట్టాడు. ఆవిడ తొక్కడం ఆపింది. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, సూది మీదికి వంగింది. రెండు తెల్ల చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఇంకో రెండు గుండీలేగా, కుట్టిచ్చెయ్యమ్మా," అంది ఆ తల్లి.

"కుడతాను. ముందు మీరిలా రండి," అంది ఆవిడ, విమానాన్ని వెలుగులోకి తిప్పుతూ. "ఇదిగో, ఈ ముక్క చూశారా? నా కత్తెరతో కోసింది."