కొలబద్ద రక్తం

స్వీడన్‌లోని మాల్మో నగరంలో ఒక ప్రయోగశాల నడిపే డాక్టర్ సిగ్‌వార్డ్‌కి తన రక్తమంటే మహా గర్వం. రోగుల రక్తంతో పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుడి రక్తం కావాలంటే ఎప్పుడూ తన చెయ్యే చాపేవాడు. ఊపిరితిత్తులను తినేసే ఎంజైముకు కళ్లెం వేసే ప్రోటీను గురించి, నోట్లో పైపు తీయకుండా, దగ్గుతూనే ఉపన్యసించేవాడు. ఇవాళ ఆ ప్రోటీనుకే కొత్త పరీక్ష పెట్టారు. రక్తంలో అది ఉంటే కాగితపు పట్టీ మీద గీత పడుతుంది. ఆ గీత రోగులందరికీ పడింది, ఆయనకు తప్ప.

"పట్టీ పాడైంది గున్‌వోర్, మళ్లీ తియ్యి."

"మళ్లీ తీసిందే ఇది డాక్టరు గారూ. మీ రక్తంలోనే ఆ ప్రోటీను లేదు," అంది ప్రయోగశాల సహాయకురాలు.

"నా రక్తం కొలబద్దమ్మా. కొలబద్ద తప్పెలా అవుతుంది?"

గున్‌వోర్ కాఫీ, దాల్చినచెక్క రొట్టె ఆయన ముందు పెట్టింది. ఆయన పైపు వెలిగించి, కాసేపు దగ్గి, ఆ గీత ఉండటమే రోగమని తేల్చేశాడు.